ఎరెగూడు టెంకి

మా ఊరికి సముద్రము లేదు. తూర్పున కృష్ణపట్టణము, పడమట మురుడేశ్వరము, వై.ఎన్.హొసకోట నుండి పటము మీద గీత గీసి కొలిచినచో రెండును ఇంచుమించు 300 కిలోమీటర్ల దూరమే. ఇట్లు రెండు సముద్రములకు నట్టనడుమ నుండుట యొక విశేషమే గాని, తూర్పు మేఘమైనను పడమటి మేఘమైనను మా పావగడ తాలూకా చేరులోపలనే తన మూట విప్పి దారిపొడుగున పంచివేసి, మా నెత్తిపైకి వచ్చునప్పటికి చేతులు దులుపుకొని పోవును. అందుచేతనే కాబోలు, మా సీమలో సముద్రమనగా చెరువు. బుక్కరాయసముద్రము, బాలసముద్రము అని మా పెద్దలు పేర్లు పెట్టుకొనిరి. నాలుగు నిలువుల నీరు ఒక్కచోట నిలిచినచో దానిని సముద్రమనుటలో వారికి అతిశయోక్తి తోచలేదు. వానలు తప్పిన యేండ్ల మా చెరువుల నడుమ మేకలు మేయుట మేము చూచియున్నాము.

ఇట్టి ఊరివారము సముద్రపు చేప నొకదానిని గూర్చి వ్రాయబూనుట పాఠకులకు వింతగా నుండవచ్చును. సంఘమువారు వ్యాసము కోరినప్పుడు, మేము మా ఊరి పట్టుమగ్గములను గూర్చియో, ఉత్తర పినాకిని యొడ్డున నాగలమడికెలో వెలసిన సుబ్రహ్మణ్యేశ్వరుని గూర్చియో వ్రాయుదుమని తలచియుందురు. అవి వ్రాయగల సమర్థులు మాకంటె మిన్నలు మా ఊరిలోనే కలరు. మేము వ్రాయబోవునది, మనుమని యెదుట మేము తలవంచుకొనిన కథ. అందుకు కారణమైన చేప కథ.

2019 వేసవి సెలవులలో మేము కుటుంబముతో ఉడుపి శ్రీకృష్ణుని దర్శించి, సమీపముననే యున్న మల్పె రేవునకు పోయితిమి. మా మనుమడు నాల్గవ తరగతి ముగించియుండెను. వానికి బుద్ధి తెలిసిన తరువాత సముద్రమును చూచుట అదియే మొదలు. అలలను చూచి గంతులు వేయునని తలచితిమి గాని, వాని చూపు అలల మీద నిలువలేదు. పడవల నుండి దింపుచున్న చేపల మీద నిలిచెను.

రేవు అరుగు మీద గోధుమవన్నె చేటలవంటివి వరుసగా పరచబడియుండెను. తడిసిన తోళ్ళేమో యనుకొంటిమి. దగ్గరకు పోయి చూడగా ఒక్కొక్కటి యొక్కొక్క చేప. తల యెక్కడ ముగిసినదో, మొండె మెక్కడ మొదలైనదో, రెక్క యెంతవరకో విడదీసి చెప్పుటకు వీలులేని చేప. విసనకఱ్ఱవలె వెడల్పు, వెనుక కొరడావంటి తోక, ఒడలికంటె రెండింతలు పొడవు. వీపు మీద రెండు కన్నులు, ఆ కన్నుల వెనుకనే రెండు రంధ్రములు. కూలివాడొకడు కొక్కెముతో ఒకదానిని వెల్లకిల వేసెను. పాలవలె తెల్లనైన యడుగుభాగమున అడ్డముగా ఒక నోరు, దానికి పైన రెండు చిన్న గుంటలు; అచ్చముగా పసిబిడ్డ నవ్వుమొగము. మా మనుమడు కిలకిల నవ్వెను. ఆ గుంటలు కన్నులు గావనియు, ముక్కుపుటములనియు ఎవరో చెప్పగా నవ్వు మాని, గొంతుకూర్చుండి చూడసాగెను.

ఇదేమి చేప యని మేము కన్నడమున అడిగితిమి. "తొరకె" అని చేపలమ్ము స్త్రీ యొకతె చెప్పెను. వాడు మావైపు తిరిగి, "తాతా, తెలుగులో దీన్నేమంటారు?" అనెను.

ఇచ్చట మా ఇంటి ముచ్చట యొకటి చెప్పవలెను. మాకు బడి కన్నడము, అంగడి కన్నడము, సర్కారు కాగితము కన్నడము. పొయ్యి దగ్గర మాత్రము తెలుగు. మా తాలూకాను మూడు వైపుల ఆంధ్రదేశమే చుట్టుకొని యున్నను, మా పిల్లలు తెలుగు మాటలాడుదురే గాని వ్రాయనెరుగరు. కావున ఇంటిలో మేమొక కట్టడి చేసితిమి. తెలుగున మాట యుండగా కన్నడపు మాట వాడిన పిల్లవాడు, ఆ మాటకు తెలుగు చెప్పినగాని కంచము ముందు కూర్చుండరాదు. కట్టడి చేసినవారమును మేమే, తీర్పు చెప్పువారమును మేమే. ఆ దినమున ఆ రేవులో నిలిచి మేము జవాబు చెప్పలేకపోతిమి. ఇంగ్లీషున దీనిని రే అందురని తెలియును. తమిళులు తిరుక్కై యందురని మదరాసులో నొకప్పుడు విన్న జ్ఞాపకము. తొరకె యన్న మాట అప్పుడే చెవిని బడెను. తెలుగు మాట మాత్రము నోటికి రాలేదు. చదును చేప యని యేదో కల్పించి చెప్పబోవుచుండగా, వాడు మా మొగము చూచి, "నీకూ తెల్దులే" అనెను. ఆ రాత్రి సత్రములో వాడు తొరకె, తొరకె యని పదిసార్లు పలికెను. మేము కట్టడి మాట యెత్తలేదు.

అంతకంటె పాత తప్పొకటి అప్పుడే జ్ఞాపకమునకు వచ్చెను. మేము ముప్పదియేండ్లు బడిపంతులుగా నుంటిమి. ఒకప్పుడు చేప బొమ్మ గీయుడని పిల్లలకు చెప్పగా, ఒక బాలుడు నాలుగు మూలల ఆకారము నొకదానిని గీసి, దానికి పొడవైన తోక తగిలించి తెచ్చెను. ఏదో పుస్తకములో చూచితిననెను. ఇది గాలిపటము, చేప కాదు అని మేము ఎఱ్ఱసిరాతో బొమ్మకు అడ్డముగా గీత కొట్టితిమి. ఆ బాలు డిప్పుడు ధర్మవరములో చీరల వ్యాపారము చేయుచున్నాడు. మల్పె నుండి వచ్చిన తరువాత వానిని కలిసి, నీ బొమ్మ సరియైనదే నాయనా యని చెప్పితిమి. వానికి బొమ్మ జ్ఞాపకము లేదు. ఎఱ్ఱగీత జ్ఞాపకమున్నది.

ఇట్లు రెండు బాకీలు మీదబడగా, ఈ చేపను గూర్చి దొరికినంతవరకు చదివితిమి. వీనిలో ఆరువందలకు పైగా జాతులు కలవు. సొరచేపలకు దగ్గరి చుట్టములు. రెండింటికిని ఎముకలుండవు, మన చెవి డొప్పలో నుండునట్టి మృదులాస్థితోనే ఒడలంతయు కట్టబడియుండును. సొర నొకదానిని పీట మీద పెట్టి అప్పడాల కఱ్ఱతో ఒత్తినచో ఇంచుమించు ఈ చేప యగును. ప్రక్కరెక్కలు వెడల్పై, తలతో కలిసిపోయి, ఒడలంతయు ఒక పళ్ళెమైనది.

పళ్ళెమగుటలో నున్న యుపాయము నీటి అడుగున గాని తెలియదు. చాల జాతులు ఇసుక నేల మీద వ్రాలి, రెక్కల అంచులతో ఇసుకను పైకి చిమ్మును. ఆ యిసుక మెల్లగా దిగి వీపును కప్పును. దుప్పటి కప్పుకొని కన్నులు మాత్రము బయట పెట్టుకొన్న చలికాలపు పిల్లవానివలె అది పడియుండును. నోరును మొప్పచీలికలును అడుగున నున్నవి గదా. నోటితో నీరు పీల్చినచో ఇసుక మొప్పలలోనికి పోవును. కన్నుల వెనుకనున్న ఆ రెండు రంధ్రములు ఇందుకే. పైనున్న తేటనీరు వాని గుండ లోపలికి పోయి, అడుగునున్న ఐదు జతల చీలికల గుండ వెలుపలికి వచ్చును. మల్పెలో మా మనుమడు ఆ రంధ్రములో పుల్ల పెట్టి చూచి, దీనికి నాలుగు కండ్లని తీర్మానించియుండెను. ఆ తీర్మానమును మేము కాదనలేదు. మాకును అప్పుడు తెలియదు.

కన్నులు పైన, నోరు క్రింద. కంచమును వీపు వెనుక పెట్టుకొని తినుటవంటి అవస్థ. తినుచున్నదానిని తాను చూడలేదు. దీనికి బదులుగా వీనికి మరియొక యింద్రియమున్నది. మూతి చుట్టును సూదిపోటులవంటి సన్నని రంధ్రములు, లోపల జిగురు నిండిన నాళములు. వీనిని 1678లో ఇటలీ దేశీయుడు స్టెఫానో లోరెంజీని వర్ణించెను. అవి యెందుకో తెలియుటకు ఇరువదవ శతాబ్దము రావలసివచ్చెను. ప్రాణముగల ప్రతి దేహము నుండియు అతి స్వల్పమైన విద్యుత్తు వెలువడును. ఇసుకలో దాగిన పీత నుండియు, ఆల్చిప్ప నుండియు వచ్చు ఆ విద్యుత్తును ఈ నాళములు పసిగట్టును. కన్నులకు కనబడనిది మూతికి తెలియును. కొన్ని జాతులు పలకలవంటి పండ్లతో గుల్లలను పటపట నమలివేయును.

ఈతలో రెండు తీరులు. నేలనంటి బ్రతుకు జాతులు రెక్క అంచున ఒక అలను పుట్టించి, అది ముందు నుండి వెనుకకు ప్రాకునట్లు చేసి కదలును. మా ఊరిలో తడిసిన పట్టుచీరను ఇద్దరు చెరియొక చెంగు పట్టుకొని దులుపునప్పుడు, ఒక చెంగున లేచిన మడత రెండవ చెంగు వరకు పరుగెత్తును; అదియే ఈ యీత. నడిసముద్రమున తిరుగు జాతులు అట్లు కాక గ్రద్దవలె రెక్కలల్లార్చుచు పోవును. చలనచిత్రములో మేము మొదటిసారి చూచినప్పుడు అది నీరని మరచితిమి.

ముల్లు సంగతియు చెప్పవలెను. తోక మీద ఱంపపు పండ్ల ముల్లొకటి చాల జాతులకు కలదు. పండ్లు వెనుకకు వంగియుండును గనుక, దిగునప్పటికంటె ఊడివచ్చునప్పుడు కండను ఎక్కువగా చీల్చును. ముల్లు ప్రక్కనున్న కాలువలలో విషము. మొసళ్ళతోను పాములతోను ఆటలాడి లోకప్రసిద్ధుడైన ఆస్ట్రేలియా దేశపు స్టీవ్ ఇర్విన్ 2006 సెప్టెంబరు 4వ తేదీన ఈ ముల్లే ఱొమ్మున దిగి మరణించెను. అయినను ఇది తానుగా మీదికి వచ్చు ప్రాణి కాదు. ఇసుకలో కనబడక పడియుండగా మన కాలు దానిపై పడుటయే ప్రమాదము. అందుచేత లోతులేని నీటిలో నడచువారు పాదము ఎత్తి వేయక ఈడ్చుచు నడచినచో, ఆ అలికిడికి అదియే తొలగిపోవును. గ్రుచ్చుకొన్నవాని కాలును ఓర్వగలిగినంత వేడినీటిలో నుంచినచో బాధ తగ్గును. వైద్యుని యొద్దకు పోవుట మాత్రము మానరాదు. మా రైతులు చీకటిలో చేనికి పోవునప్పుడు కఱ్ఱతో నేలను తట్టుచు నడచుటయు ఈడ్పు నడకవంటిదే. అక్కడ పాము.

పాము మాట వచ్చినది. మా తాలూకా పేరులోనే పాము కలదు. పావగడ యనగా పాముకొండ. కోట కట్టునాడు పాము రూపుగల రాయి యొకటి దొరికెనని ఐతిహ్యము. మా వేరుసెనగ చేలలో మిక్కిలి భయము గొలుపునది రక్తపింజరి. 2021లో మా మనుమని పాఠములో దీనికి రస్సెల్స్ వైపర్ అను పేరు వచ్చెను. ఆ రస్సెల్ ఎవడని వాడడిగెను. ఈసారి తెల్దులే యనిపించుకొనరాదని మేము వెదకితిమి. పోగొట్టుకొన్న చేప పేరు మాకు దొరకినది ఆ పాము వెంబడి పోయినందువలననే.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు దేశపు వైద్యుడు. అలెప్పో నగరమున ప్లేగు రోగులకు చికిత్స చేసినవాడు. 1781లో తన సోదరునితో కూడ విశాఖపట్టణమునకు వచ్చెను. 1785లో కుంపినీవారు ఆయనను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. 1789లో స్వదేశమునకు మరలి, 1796లో కోరమాండల్ తీరపు పాములను గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను. అందు రక్తపింజరికి ఆయన వ్రాసిన పేరు "కాటుక రేకుల పొడ". ఇంగ్లీషు అక్షరములలో నున్న ఆ మూడు మాటలను కూడబలుకుకొని చదివి మేము కుర్చీలో నిటారుగా కూర్చుంటిమి. కాటుకతో అంచు దిద్దిన రేకులవంటి పొడలు! ఆ పామును చేనిలో నొక్కసారి చూచినవాడెవడును ఇంతకంటె మంచి పేరు పెట్టజాలడు. పామును తెచ్చినవానిని, దీనిని మీరేమందురని యడిగి, విన్నది విన్నట్లు ఆ దొర వ్రాసికొనినాడు.

ఆయనయే 1803లో, విశాఖపట్టణమున సేకరించిన ఇన్నూరు చేపల వర్ణనలను బొమ్మలతో లండనులో రెండు సంపుటములుగా ప్రకటించెను. పాత గ్రంథముల ప్రతులు ఇప్పుడు చేతిలోని ఫోనులోనే కనబడుచున్నవి గదా. మా మనుమడు పుటలు త్రిప్పుచుండగా, గ్రంథారంభముననే మల్పె రేవులో మేము చూచిన చేటలు కనబడెను. వాని క్రింద పేర్లు. వోల్గ టెంకీ. ఇసకుర్ర టెంకీ. ఈల్ టెంకీ. ఎరెగూడు టెంకీ. చేపలు వేరు, ఇంటిపేరొకటి: టెంకి.

"తాతా, టెంకి!" అని వాడు కేక వేసెను. రెండేండ్ల క్రిందటి ప్రశ్నను వాడును మరువలేదు.

అదే వరుసలో టెంకి పేరు లేనివి రెండు కలవు: టెమెరీ, నల్ల టెమెరీ. ఇవి యేమి మాటలో మాకు బోధపడలేదు. పైకి చదివితిమి, మరల చదివితిమి. మూడవసారి చదువుచుండగా వంటయింటి నుండి మా అర్ధాంగి, "ఎవరికి తిమిరెక్కింది?" అని యడిగెను.

తిమిరి! ఆ బొమ్మలోనిది విద్యుత్తు గల టెంకి. కన్నుల కిరువైపుల మూత్రపిండము ఆకారము గల రెండు అవయవములు కలవు. వానినుండి విద్యుత్తు వదలి ఎరను స్తంభింపజేయును. వలలోనిదానిని తెలియక చేత పట్టినవానికి మోచేతి వరకు తిమ్మిరి యెక్కును. తీరపు జాలరి తనకైన యనుభవమునే పేరుగా పెట్టినాడు. ఇందులో వింత యేమనగా, లాటిన్ భాషలో దీనికి టార్పీడో యని పేరు. ఆ మాటకు మూలము మొద్దుబారుట. గ్రీకువారు నార్కె యనిరి, అదియు తిమ్మిరియే. మత్తుమందులకు ఇంగ్లీషున నున్న నార్కోటిక్ అను మాట అందుండియే పుట్టినది. మూడు జాతులవారు ఒక చేపను పట్టుకొని ఒకే మాట యనిరి.

రోము నగరమున స్క్రిబోనియస్ లార్గస్ అను వైద్యుడు క్రీస్తుశకము మొదటి శతాబ్దములోనే తలనొప్పికి ఈ చేపను నొసట తాకించు చికిత్స వ్రాసెను. 1772లో జాన్ వాల్ష్ ఫ్రాన్సు తీరమున పరీక్షలు చేసి ఈ తిమ్మిరి విద్యుత్తేయని నిరూపించెను. ఈ వాల్ష్ మన మదరాసు కోటలో పుట్టి, క్లైవునకు కార్యదర్శిగా నుండినవాడు. 1800లో వోల్టా తన బ్యాటరీని నిర్మించినప్పుడు దీనిని కృత్రిమమైన చేప అవయవముతో పోల్చెను. పెద్ద జాతుల దెబ్బ 200 వోల్టుల వరకు ఉండును. మా తాలూకాలో బాలసముద్రము, తిరుమణి మొదలగు ఐదు గ్రామముల నేలపై 2,050 మెగావాట్ల సూర్యవిద్యుత్ కేంద్రమున్నది. సముద్రమను పేరుగల మా యెండు ఊరిలోను, పేరు లేని ఆ నీటిలోపలను విద్యుత్తే పండుచున్నదని మేము మా మనుమనితో పరిహాసమాడితిమి. వాడు నవ్వలేదు. వాని మనస్సు ఎరెగూడు మీద నుండెను.

దానికి కారణము కొమ్ములు. ఎరెగూడు టెంకి ఇసుకలో పడుకొను జాతి కాదు. నడినీటిలో రెక్కలల్లార్చుచు తిరుగునది. రెక్క చివర నుండి రెక్క చివరకు ఇంచుమించు 130 సెంటీమీటర్లు. తోకకు ముల్లు లేదు. తలకు ముందు రెండు పొడవైన రేకులు కొమ్మువలె పొడుచుకొని వచ్చియుండును. తెల్లవారు వానిని చూచి భయపడి దయ్యపు చేప యనిరి. నిజమునకు అవి దోసిలి. మేతవేళ రేకులను విప్పి, నీటిలోని అతిసూక్ష్మ ప్రాణులను, చిన్నచేపలను నోటివైపునకు త్రోసికొనును. పని తీరగానే చుట్టి పెట్టుకొనును. దీని చుట్టములు కొన్ని మెక్సికో దేశపు కాలిఫోర్నియా సింధుశాఖలో వేలకొలది గుంపుగూడి నీటిపైకి నిలువెత్తు ఎగిరి, చప్పట్లు చరచినట్లు పొట్టపై పడును. ఒంటి పురుగులను వదిలించుకొనుటకని కొందరు, ఒకదానినొకటి పిలుచుకొనుటకని కొందరు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మా మనుమడు, ఊరకనే యనెను. వాని మాటయు త్రోసివేయదగినది కాదు.

ఈ చేప పేరు నడచిన దారి యొకటి కలదు. రస్సెల్ తరువాతి యూరపు శాస్త్రజ్ఞులు తెలుగు పేరునే శాస్త్రనామముగా గ్రహించిరి. డేన్మార్కు దేశీయుడును కుంపినీ వైద్యుడును అగు థియోడోర్ కాంటర్ 1849లో వ్రాసినదే నేటికి ప్రమాణము. లాటిన్ వేషము వేసికొన్నను అక్షరములలో ఎరెగూడు అట్లే యున్నది. 2018లో కొందరు శాస్త్రజ్ఞులు వంశపరీక్షలు జరిపి, ఇది వేరు జాతి కాదు, కూల్ అను వాని పేర నున్న మరియొక జాతియేయని దానిలో కలిపివేసిరి. రెండేండ్లపాటు ఎరెగూడు లోకములో లేకుండపోయెను. 2020లో ఇటలీ శాస్త్రజ్ఞుడు నొటార్బార్తొలో ది షారా మొదలగువారు కొమ్ముల పొడవు మొదలైన భేదములను చూపి, ఇది వేరు జాతియేయని నిలబెట్టిరి. ఇప్పుడు దాని పేరు మొబ్యులా ఎరెగూడు. ఈ సంగతి చదివిన దినమున మా యింటిలో పాయసము వండిరనుట అతిశయోక్తి కాదు. అయితే ఆ దినము మా అర్ధాంగి పుట్టినరోజు కూడ.

పేరు నిలిచినది గాని చేప నిలుచుట సందేహముగా నున్నది. ఈ జాతులు గుడ్లు పెట్టవు. తల్లి గర్భములోనే పాలవంటి ద్రవము నిచ్చి పెంచి, సాధారణముగా ఒక కాన్పున ఒక్క పిల్లనే కనును. ఇతర చేపలకై వేసిన వలలో ఇవియు చిక్కును. దీనికి తోడు వీని మొప్పలలోని జల్లెడ రేకులను ఎండబెట్టి చీనా వైద్యమునకు అమ్ము వ్యాపారము పెరిగెను. 2016లో ఈ జాతులన్నింటి అంతర్జాతీయ వ్యాపారమునకు ఒప్పందము ద్వారా కట్టుబాట్లు విధించిరి. ఎరెగూడు నేడు అంతరించు ప్రమాదములో నున్న జాతుల పట్టికలో నున్నది.

2023 ఫిబ్రవరిలో సింహాచలము మ్రొక్కు తీర్చుకొనుటకు ధర్మవరమున రైలెక్కితిమి. మ్రొక్కు మా అర్ధాంగిది. మా మనుమనికిని మాకును మ్రొక్కు వేరు. మరునాడు తెల్లవారకమునుపే వాడును మేమును విశాఖపట్టణపు చేపల రేవునకు పోయితిమి. ఆ రేవులో అంతయు తెలుగే. తిట్టుటయు తెలుగే, బేరమును తెలుగే. మా మనుమడు చెవులు రిక్కించి కొంతసేపు ఊరక నిలిచెను. బయట తెలుగు ఇంత బిగ్గరగా వాడెన్నడును వినియుండలేదు.

ఎండుచేపల గంపల ప్రక్క ముదుసలి యొకతె కూర్చుండియుండెను. ఆమె యెదుట టెంకులు రెండు పడియుండెను. ఇవేమి చేపలమ్మా యని అడిగితిమి.

"టేకు బాబూ."

టెంకి గాదు, టేకు. నడుమ నొక సున్న జారిపోయినది కాబోలునని మేము మనసున సరిపెట్టుకొంటిమి. మా మనుమడు ఫోనులో ఎరెగూడు బొమ్మ చూపెను. ఆమె వెలుతురునకు త్రిప్పి చూచి, "కొమ్ముల టేకులాగుంది. పడతాయి, అప్పుడప్పుడు" అనెను.

"దీన్ని ఎరెగూడు అంటారా అవ్వా?" అని వాడడిగెను.

"నానెరగను బాబూ. మాకన్నీ టేకులే. మా అత్తుంటే సెప్పును. ఆవిడికి ఒక్కోదానికి ఒక్కో పేరుండీది." అంతలో ఆమె వాని మాట తీరును పట్టుకొనెను. "మీదే ఊరు బాబూ? ఈ పక్కోళ్ళు కారు."

మేము ఊరు చెప్పితిమి, కర్ణాటకమని చెప్పితిమి. అక్కడ తెలుగు మాటాడుదురా యని ఆమె యాశ్చర్యపడెను. మాటాడుదుమంటిమి.

"మరి మీ కాడ దీన్నేటంటారు?"

మా ఊరికి సముద్రము లేదమ్మా యంటిమి. ఆమె నవ్వి, మా మనుమని గడ్డము పట్టుకొని, "టేకు అను బాబూ" అనెను. వాడనెను. గంప లోపలి నుండి ఎండిన చిన్న టేకు నొకదానిని తీసి వాని చేతిలో పెట్టి, మేము డబ్బులీయబోగా పుచ్చుకొనలేదు.

ఆ యెండుటేకు వాసనకు తిరుగు ప్రయాణమున రైలుపెట్టెలోనివారు మమ్ములను పెట్టిన బాధ వేరు కథ. వాడు దానిని కాగితములో చుట్టి కిటికీకి కట్టి, నోటుపుస్తకములో బొమ్మ గీయసాగెను. నాలుగు మూలలు, పొడవు తోక, ముందు రెండు కొమ్ములు. మేము ప్రక్కనుండి చూచితిమి. బొమ్మ క్రింద వాడు మూడు పేర్లు వ్రాసెను: తొరకె, టేకు, ఎరెగూడు టెంకి. మూడును కన్నడపు అక్షరములలోనే; వానికి వచ్చినవి అవియే. వ్రాసి, కలము ఎత్తి, "తాతా, గు పొట్టిదా, పొడుగుదా?" అని యడిగెను. రస్సెల్ దొర అక్కడ రెండు ఓలు వ్రాసినాడు గదా, పొడుగుదే యంటిమి. వాడు దీర్ఘము దిద్దుకొనెను.